నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉద్యోగం: బతుకుతెరువుగా ఎంచుకోవచ్చా?

కోరింగ పిల్ల | 9 జూన్, రాత్రి 9:40

నమస్కారమండీ. మాది కాకినాడ. ఈ ఏడాదే ఎమ్మెస్సీ జువాలజీ పూర్తయింది. ఇంట్లో రెండు దారులే చూపిస్తున్నారు: బీఈడీ చేసి డీఎస్సీ రాయడం, లేదంటే గ్రూప్స్‌కి కూర్చోవడం. రెండూ మంచి దారులే. నా మనసు మాత్రం వేరేచోట చిక్కుకుపోయింది.

డిగ్రీ చదివిన కాలేజీలో జువాలజీ ల్యాబ్ వెనక మ్యూజియం గది ఒకటుంది. ఎప్పుడూ తాళమే. ఆఖరి సంవత్సరంలో ఇన్‌స్పెక్షన్ వస్తోందని మా నలుగురికీ తాళంచెవి ఇచ్చి దులపమన్నారు. లోపల టేకు బీరువాలు, వాటి నిండా సీసాలు. పచ్చబడిన ఫార్మలిన్‌లో పీతలు, పాములు, సొరచేప పిల్ల. ఒక సీసాలో వేలెడంత చేప. కళ్లు నడినెత్తి మీదికి పొడుచుకొచ్చి ఉన్నాయి, ముందు రెక్కలు మోచేతుల్లా మడిచి ఉన్నాయి. మడ్‌స్కిప్పర్. కోరింగ మడ అడవిలో బురద మీద గెంతుతుంటే చిన్నప్పటి నుంచీ చూస్తున్న చేపే. కానీ అంత దగ్గరగా, కదలకుండా ఎప్పుడూ చూడలేదు. దాని ముందు అరగంట కూర్చుండిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఇంకొకటి జరిగింది. పాత లేబుళ్లు చిరిగి మురికిగా ఉన్నాయని తడిపి గీకేయమన్నారు. వాటి స్థానంలో కొత్త స్టిక్కర్లు: 'చేప', 'పీత', 'పాము'. నేనూ గీకాను. ఆ తడి కాగితం ముక్కల మీద సన్నటి అక్షరాలుండటం గుర్తుంది, చదవలేదు.

అలాంటి చోట జీవితాంతం పనిచేయడం అనేది ఒక ఉద్యోగమేనా? ఎవరిస్తారు, ఏం చదవాలి, ఇల్లు గడుస్తుందా? లోపల పనిచేస్తున్నవాళ్లు చెబితే వినాలని ఉంది.

ఎగ్జిబిషన్ సెక్షన్ | 9 జూన్, రాత్రి 11:05

కోరింగ పిల్ల గారూ, నేను ఒక సైన్స్ సెంటర్‌లో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

మన దేశంలో ఈ పని ఒకే గొడుగు కింద లేదు, అందుకే బయటివాళ్లకు కనిపించదు. కోల్‌కతా కేంద్రంగా 1978లో ఏర్పడిన నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ ఒకటి. తిరుపతి రీజనల్ సైన్స్ సెంటర్ దాని కిందిదే. కేంద్ర పర్యావరణ శాఖ కింద నేచురల్ హిస్టరీ మ్యూజియంలు వేరు. మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయ్ మాధోపూర్‌లలో ప్రాంతీయ మ్యూజియంలున్నాయి. మనకు దగ్గరివి మైసూరు, భువనేశ్వర్. జంతువులకు జువలాజికల్ సర్వే, మొక్కలకు బొటానికల్ సర్వే, రాళ్లకూ శిలాజాలకూ జియలాజికల్ సర్వే. ఈ మూడింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. ఇవికాక రాష్ట్ర మ్యూజియంలు, యూనివర్సిటీ మ్యూజియంలు, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ లాంటి స్వచ్ఛంద సంస్థలు.

పనులు కూడా ఒకటి కాదు. క్యూరేటర్, ఎడ్యుకేషన్ అసిస్టెంట్, ఎగ్జిబిషన్ అసిస్టెంట్, మోడల్స్ చేసేవాళ్లు, ప్రిజర్వేషన్ అసిస్టెంట్. గ్రూప్ 'ఎ' క్యూరేటర్‌గా చేరితే ఏడో పే కమిషన్ లెవెల్ 10, మూలవేతనం 56,100 నుంచి మొదలు. అసిస్టెంట్ స్థాయిలో లెవెల్ 5 అయితే 29,200. పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. అంటే ఇల్లు గడుస్తుంది. చిక్కు జీతంతో కాదు, ఖాళీలతో. నోటిఫికేషన్ వస్తే రెండో మూడో పోస్టులు, వాటికి దేశమంతా పోటీ. సర్వేల్లోని అసిస్టెంట్ పోస్టులు కొన్ని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 'సెలక్షన్ పోస్టుల' ప్రకటనల్లో వస్తుంటాయి. మనవాళ్లు సీజీఎల్ చూస్తారు గానీ దీన్ని చూడరు. చూడండి.

చదువు సంగతికొస్తే, మ్యూజియాలజీ అని ప్రత్యేకంగా పీజీ ఉంది. బరోడాలో 1952 నుంచి నడుస్తోంది. కోల్‌కతా, బనారస్, అలీగఢ్‌లలోనూ ఉంది. యూజీసీ నెట్ పరీక్షలో కూడా ఇది ఒక సబ్జెక్టు. మీకు జువాలజీ పీజీ చేతిలో ఉంది కాబట్టి ఇంకో పీజీ తప్పనిసరి అనను.

వేమనపల్లి పోరడు | 10 జూన్, ఉదయం 6:50

అక్కా, మాది మంచిర్యాల జిల్లా, ప్రాణహిత ఒడ్డు. నేను మ్యూజియంల పనిచెయ్య, ఆర్టీసీల కండక్టర్ని. అయినా ఈ ముచ్చట చెప్పాలనిపించింది.

యామన్‌పల్లి దగ్గర 1970ల చివర జియలాజికల్ సర్వేవాళ్లు రాకాసి బల్లి బొక్కలు తవ్విన్రు. మా నాయిన అప్పుడు పద్దెనిమిదేండ్ల పోరడు, కూలికి పోయిండు. గడ్డపారతోని తవ్వుడు మొదటి రెండు రోజులేనట. బొక్క కనపడ్డంక గడ్డపార పక్కకు వెట్టిచ్చిన్రు. ఉలి, బ్రష్షు, సూది. ఒక్క బొక్క సుట్టూ మట్టి తీసుటానికి దినమంత. తర్వాత దానికి కాయితం సుట్టి, గోనెపట్టీలు ప్లాస్టర్‌ల ముంచి కట్టు కడుతుండ్రట, చెయ్యిరిగితే దవాఖానల కట్టినట్టు. కట్టు ఎండినంక దానిమీద నంబరు రాసేది ఒక్క సారే, ఇంకెవ్వరు ముట్టొద్దు. నాయిన ఒకసారి నంబరు వెయ్యకముందే ఒకటి లేపి పక్కకు వెట్టిండట, ఆ సారు ఎన్నడు కోపానికి రానాయన ఆ పొద్దు గట్టిగ అరిచిండట.

మొత్తం 840 బొక్కలు దొరికినయ్, తక్కువల తక్కువ పన్నెండు జంతువులయి. 1988ల ఆ సర్వేల పనిచేసిన యాదగిరి గారు దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు వెట్టిండు. మా ఊరి పేరు పక్కదేశాలోళ్లు రాసుకునే పేర్ల ఉన్నది. ఇప్పుడది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల నిలవడి ఉన్నది, 44 అడుగుల పొడుగు.

నాయినను నేను ఆడికి తోల్కపోయిన. సుట్టూ తిరిగి తిరిగి, ఎనక కాలు తుంటి బొక్క దగ్గర నిలవడ్డడు. 'గిది మోసినం, నలుగురం' అన్నడు. పక్కన బడిపిల్లలు గుంపుగ ఉన్నరు, వాళ్లను తిప్పుతున్న మ్యూజియం మేడమ్ ఆ మాట ఇన్నది. నాయినను ముందుకు పిలిచి పిల్లలకు చెప్పమన్నది. ఇరవై నిమిషాలు చెప్పిండు. నాయిన గంతసేపు మాట్లాడుడు నేను ఎన్నడు సూడలే. ఆయన పోయి ఆరేండ్లయింది. ఆ మేడమ్ చేసే పని నీకు దొరికితే ఇడువకు అక్కా.

పాత సీసా | 10 జూన్, ఉదయం 9:15

కోరింగ పిల్లా, అమ్మా, నేను డిగ్రీ కాలేజీల్లో ముప్పై రెండేళ్లు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. గుంటూరు. నువ్వు రాసినది రాత్రి చదివి నిద్ర పట్టలేదు.

స్టిక్కర్లు మార్చిన తప్పు నీది కాదు, నీకు చెప్పనివాళ్లది. సీసాలో ఉన్న జంతువు సగమే స్పెసిమెన్. మిగతా సగం ఆ కాగితం ముక్క: ఎక్కడ దొరికింది, ఏ తేదీన, ఎవరు పట్టారు. ఆ మూడూ ఉంటే ఆ చేప ఒక సాక్ష్యం. ఫలానా ఏడాది ఫలానా కాలువలో ఈ చేప బతికింది అని అది నిలబడి చెబుతుంది. అవి పోతే మిగిలేది ఫార్మలిన్‌లో ఊరుతున్న ఒక చచ్చిన చేప. పేరు తప్పుగా రాసినా నష్టం లేదు, రేపు తెలిసినవాళ్లు చూసి దిద్దుతారు. ఊరు, తేదీ పోతే మాత్రం దిద్దేవాడు పుట్టడు.

అయితే ఆశ వదలకు. మా రోజుల్లో సీసా బయట అంటించే లేబుల్ వచ్చినవాళ్లకు చూపించడానికి. అసలు లేబుల్ లోపలే వేసేవాళ్లం, పెన్సిల్‌తోనో ఇండియన్ ఇంకుతోనో మందపాటి కాగితం మీద రాసి. ఫార్మలిన్‌లో, స్పిరిట్‌లో బాల్‌పెన్ రాత కరిగిపోతుంది, పెన్సిల్ రాత చెక్కుచెదరదు. వీలైతే ఆ గదికి మళ్లీ వెళ్లు. సీసా వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టుకుని లోపల చూడు.

ఆకుల కట్ట | 10 జూన్, మధ్యాహ్నం 2:30

నాది మొక్కల వైపు. హౌరాలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో రీసెర్చ్ ఫెలోగా నాలుగేళ్లు పనిచేశాను, ఇప్పుడు వేరే హెర్బేరియంలో ఉన్నాను. హౌరాలో దాదాపు 20 లక్షల ఎండబెట్టిన మొక్కల నమూనాలున్నాయి. ఒక్కొక్కటి అట్టంత కాగితం మీద కుట్టి, అంటించి, కుడి కింద మూలన లేబుల్‌తో.

రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది అడవులు తిరగడమే అనుకుంటారు. ఏడాదిలో నలభై రోజులు అడవి. మిగిలినదంతా బల్ల. అడవిలో ఉన్నప్పుడు పగలు కోసిన కొమ్మలు రాత్రి పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి ప్రెస్‌లో బిగిస్తాం. వానాకాలం అయితే ప్రతి పూటా పేపర్లు మార్చాలి, ఒక్క రాత్రి బద్ధకించామా, తెల్లారేసరికి బూజు. తూర్పు కనుమల్లో ఒకసారి పేపర్లు అయిపోతే, బస చేసిన ఇంట్లో అట్లపెనం పొయ్యిమీద పెట్టి, తడి పేపర్లు దానిమీద ఆరబెట్టి మళ్లీ వాడాం. ఆ ఇంటి అత్తమ్మ తెల్లవార్లూ మాతో కూర్చుని ప్రతి కొమ్మకూ పేరు చెప్పింది. ఆ పేర్లన్నీ లేబుళ్ల మీదున్నాయి.

కోరింగ పిల్ల గారూ, మీది కాకినాడ అన్నారు కాబట్టి ఇది మీకు తెలియాలి. మొక్కల శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లింది 1793లో. అంతకుముందు పన్నెండేళ్లు ఆయన ఉన్నది మీ పక్కనున్న సామర్లకోటలోనే. అక్కడ తోట వేసి, చుట్టుపక్కల మొక్కలు సేకరించి, బొమ్మలు వేయించాడు. ఆయన రాతల్లో చాలా మొక్కలకు శాస్త్రీయ నామం పక్కనే తెలుగు పేరుంటుంది, 'తెలింగ' అని గుర్తు పెట్టి. నేను హౌరాలో మొదటి నెల కొత్తగా, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక పాత పుస్తకంలో ఆ తెలుగు పేర్లు చదివి ఏడ్చాను. రెండు వందల ఏళ్ల కిందట మన ఊళ్ల మనిషి ఎవరో ఆయన పక్కన నడుస్తూ చెప్పిన మాటలవి.

మీ జువాలజీలోనూ అంతే. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు పాములు, చేపలు సేకరించి 1796లో పాముల మీద, 1803లో విశాఖ చేపల మీద పుస్తకాలు వేశాడు. పసుపు నలుపు పట్టీల పాముకు ఆయన రాసుకున్న పేరు మన 'బంగారు పాము'. కట్లపాముల ప్రజాతికి ఈ రోజు ప్రపంచమంతా వాడే బుంగారస్ అనే పేరు ఆ తెలుగు మాట నుంచి వచ్చిందే.

ఒక తండ్రి | 10 జూన్, సాయంత్రం 5:10

మా అమ్మాయి కూడా ఇదే అంటోంది, అందుకే చదువుతున్నాను. ఉద్యోగం రాకపోతే అన్నది పక్కన పెడదాం. ఫార్మలిన్ క్యాన్సర్ కలిగిస్తుందంటారు, పాత స్టఫ్ చేసిన జంతువుల్లో పాషాణం ఉంటుందంటారు. ఆడపిల్లను అలాంటి గదుల్లో ఎలా పంపడం? తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి.

ఆకుల కట్ట | 10 జూన్, రాత్రి 8:20

అన్నగారూ, దాచడానికేం లేదు. మీరు విన్నవి నిజాలే. పాత రోజుల్లో చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. పాత మొక్కల షీట్లకు మెర్క్యురిక్ క్లోరైడ్ పట్టించేవారు, అది పాదరసపు విషం. అవి ఇప్పటికీ ఆ నమూనాల్లోనే ఉన్నాయి. అందుకే చేతికి నైట్రైల్ గ్లౌజులు లేకుండా పాతవి ముట్టుకోం, ఆ బల్ల దగ్గర టీ తాగం, బయటికొచ్చాక చేతులు కడగకుండా ముఖం తుడుచుకోం.

ఫార్మలిన్‌లో కణజాలం గట్టిపడేదాకా ఉంచి, నీళ్లతో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చడం ఇప్పటి పద్ధతి. కొత్తగా వచ్చిన షీట్లకు విషం బదులు డీప్ ఫ్రీజర్: ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 20 డిగ్రీల్లో వారం పైన పెడితే పురుగూ గుడ్డూ చస్తాయి. చేరేముందు మీ అమ్మాయి అడగాల్సినవి మూడు: ఫార్మలిన్ పని చేసే గదిలో గాలి బయటికి లాగే హుడ్ ఉందా, గ్లౌజులూ మాస్కులూ సంస్థే ఇస్తుందా, నిప్పు ఆర్పే ఏర్పాట్లున్నాయా. మూడోది మరిచిపోవద్దు. సీసాల గది అంటే వేల లీటర్ల ఆల్కహాల్ ఉన్న గది. ఢిల్లీలో 1978 నుంచి ఉన్న నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున కాలిపోయింది. ఆ రోజు మా ల్యాబ్‌లో ఎవరమూ అన్నం తినలేదు.

రెక్కల దుమ్ము | 11 జూన్, రాత్రి 12:45

ఇక్కడ అందరూ మంచే చెబుతున్నారు. నేను బయటికొచ్చేసినవాణ్ని, నా మాట కూడా ఉండాలి.

ఒక సంస్థలో మూడేళ్లు ప్రాజెక్టు మీద కీటకాల కలెక్షన్ చూశాను. పేరు చెప్పను. ఈ రంగంలో అడుగుపెట్టే చాలామందికి మొదటి పని ఇలాంటి ప్రాజెక్టే. నెట్ ఉండి జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్)గా చేరితే 2023 నుంచి నెలకు 37,000, వినడానికి బాగుంటుంది. కానీ గ్రాంటు రాకపోతే నాలుగు నెలలు చేతిలో రూపాయి ఉండదు. నాకు జరిగింది అదే. అద్దె కట్టలేక స్నేహితుడి గదిలో ఉన్నాను. ప్రాజెక్టు అయిపోగానే 'తర్వాతిది వచ్చినప్పుడు పిలుస్తాం' అన్నారు, అంతే.

డబ్బు బాధ మరిచిపోయాను. మరిచిపోలేనిది వేరే. ఆ మూడేళ్లలో రెండు వేల పైచిలుకు పురుగులు సూదికి గుచ్చాను. పెంకు పురుగైతే కుడి రెక్కపెంకులో గుచ్చాలి, సీతాకోకచిలుకైతే రొమ్ము నట్టనడుమ. కింద చిన్న లేబుల్, అగ్గిపుల్ల తలకంటే చిన్న అక్షరాలు. ఏడాదిన్నర తర్వాత సర్టిఫికెట్ కోసం వెళ్లి, నా బీరువా చూస్తానని అడిగాను. తాళంచెవి వెతకడానికే గంట పట్టింది. డబ్బాలు తెరిస్తే సూదులన్నీ వరసగా నిలబడే ఉన్నాయి. లేబుళ్లున్నాయి. ప్రతి సూది కింద కాస్త గోధుమరంగు పొడి. డెర్మెస్టిడ్ పురుగు తినేసింది. నెలకోసారి డబ్బా తెరిచి చూసి, కలరా ఉండలు మార్చే మనిషి ఒక్కరుంటే చాలు, అది జరగదు. ఆ ఒక్క మనిషికి పోస్టు లేదు.

అందుకని వద్దని అనను. ఇంట్లో కనీసం ఆర్నెల్లు మిమ్మల్ని పోషించగలిగితేనే ప్రాజెక్టులోకి వెళ్లండి. చేరే రోజే అడగండి: నేను వెళ్లిపోయాక ఈ కలెక్షన్ ఎవరి పేరు మీద ఉంటుంది? జవాబు చెప్పలేని చోట చేరొద్దు.

పాత సీసా | 11 జూన్, ఉదయం 7:00

బాబూ, ఆ లేబుళ్లున్నాయి కదా. అవైనా పారేయొద్దని చెప్పావా?

రెక్కల దుమ్ము | 11 జూన్, ఉదయం 7:25

చెప్పాను సార్. అన్నీ కవర్లో వేసి, డబ్బా నంబర్లతో సహా రిజిస్టర్‌కి పిన్ను చేయించి వచ్చాను. నా దగ్గర ఫొటోలు కూడా ఉన్నాయి.

మిషిగన్ గాలి | 11 జూన్, ఉదయం 10:40

నేను షికాగోలో ఉంటాను, సాఫ్ట్‌వేర్. మా ఆయన డ్యూటీల వల్ల శనివారాలు ఖాళీ, అందుకని ఫీల్డ్ మ్యూజియంలో పక్షుల విభాగానికి వాలంటీర్‌గా వెళ్లడం మొదలుపెట్టాను. ఐదేళ్లయింది. రెక్కల దుమ్ము గారి మాట చదివి ఆగిపోయాను, ఎందుకంటే అక్కడ అదే డెర్మెస్టిడ్ పురుగుల్ని ఒక గదిలో పెంచుతారు. మాంసం తీసేసిన అస్థిపంజరాన్ని వాటికిస్తే, చేత్తో తీయలేని కండంతా తిని ఎముకల్ని శుభ్రం చేసి పెడతాయి. ఆ గదికీ కలెక్షన్ ఉన్న గదులకీ మధ్య ఎంత కట్టుదిట్టమంటే, అక్కడి నుంచి బయటికి వెళ్లే ప్రతి ఎముకా ముందు ఫ్రీజర్ చూడాల్సిందే.

నా పని చచ్చిన పిట్టల్ని ఒలవడం. రొమ్ము దగ్గర చిన్న గాటు పెట్టి, రంపపు పొట్టు చల్లుకుంటూ, చర్మాన్ని ఈకలతో సహా చొక్కా విప్పినట్టు విప్పాలి. లోపల పత్తి కూరి, కుట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి, ఆ ముడిలోనే లేబుల్ కడతాం. మొదటి పిట్టకు నాకు నాలుగు గంటలు పట్టింది. అరచేతిలో ఇమిడే వార్‌బ్లర్, కెనడా నుంచి దక్షిణానికి వెళ్తూ గాజు భవనానికి కొట్టుకుని చచ్చిపోయింది. బరువు తూచితే మన పది రూపాయల నాణెం కంటే కాస్త ఎక్కువ.

పాత సీసా మాస్టారు చెప్పిన తేదీ, ఊరు అన్న మాటకు ఇక్కడొక ఉదాహరణ ఉంది. మిషిగన్ సరస్సు ఒడ్డున మెక్‌కార్మిక్ ప్లేస్ అనే పెద్ద గాజు కట్టడం ఉంది. 1978లో మ్యూజియంలో పనిచేసే డేవిడ్ విల్లార్డ్ దాని కింద రాలిన పిట్టల్ని ఏరడం మొదలుపెట్టాడు. వలసల కాలంలో రోజూ తెల్లారకముందే వెళ్లి ఏరడం, తెచ్చి కొలవడం, రాయడం. కాలి ఎముక, రెక్క పొడవు, బరువు. అన్నీ తానే కొలిచాడు. 2016 నాటికి 52 జాతులకు చెందిన 70,716 పిట్టలు. 2019లో ఆ లెక్కలన్నీ కలిపి చూస్తే తేలిందేమిటంటే, ఆ నలభై ఏళ్లలో పిట్టల కాలి ఎముక 2.4 శాతం పొట్టిదైంది, రెక్కలు 1.3 శాతం పొడుగయ్యాయి. వేడెక్కుతున్న వాతావరణానికి వాటి ఒళ్లు మారుతోందని పరిశోధకులు చెప్పారు. మొదలుపెట్టిన రోజున ఆయనకు ఆ ప్రశ్నే లేదు. రాలిన పిట్ట పారేయడం ఇష్టంలేక తెచ్చి, తేదీ వేసి, పెట్టాడు.

2023 అక్టోబర్ 5న అదే కట్టడానికి ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పిట్టలు కొట్టుకున్నాయి. నేలంతా పరిచి ఉన్న ఆ ఫొటో చాలామంది చూసే ఉంటారు. మరుసటి ఏడాది అద్దాలకు చుక్కల ఫిల్మ్ అంటించారు. ఏళ్ల తరబడి ఏరి లెక్క రాసిన మనుషులు లేకపోతే అద్దాల మీద నింద మోపడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు.

ఇక్కడ కూడా జీతమిచ్చే పోస్టులు తక్కువేనండీ. కలెక్షన్ మేనేజర్ పోస్టు ఒకటి పడితే పీహెచ్‌డీలు వరస కడతారు. లోపలికి వచ్చినవాళ్లలో చాలామంది ముందు నాలాగే ఊరికే పనిచేసి, చేయి తిరిగాక వచ్చారు.

లంకమల | 11 జూన్, మధ్యాహ్నం 1:15

కడప నుంచి. షికాగో అక్క చెప్పినదానికి మా కలివికోడి కథ కలుపుతా.

1900 తర్వాత కలివికోడి అనే ఆ పిట్టను చూసినవాడు లేడు. అంతరించిపోయిందనే రాసేసినారు. 1986 జనవరిలో మా జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టలు పట్టే ఆయన దాన్ని బతికుండగా పట్టినాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ముందే బొమ్మ చూపించి ఊరూరా అడుగుతా తిరిగినాడు గదా, ఐతన్నే గుర్తు పట్టినాడు. ఆ పిట్ట బతకలేదు. దాని చర్మం సొసైటీ కలెక్షన్‌లో ఉంది.

ఇంకొకటి. స్కాట్లాండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో 2008లో ఒక గుడ్డు కనబడింది. 1917లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ దగ్గర ఏరినది. అది కలివికోడిదేనా అని తేల్చాలంటే పోల్చడానికి డీఎన్‌ఏ కావాల. బతికిన పిట్టను పట్టేది లేదు. ఇంగ్లండులో ట్రింగ్ మ్యూజియంలో దాచిన పాత చర్మం కాలి నుంచి చిన్న తునక తీసి పోల్చినారు. 2013లో తేలింది, కలివికోడిదే అని. ప్రపంచంలో తెలిసిన గుడ్డు అదొక్కటే. మా లంకమల పిట్ట గుడ్డు ఎట్లుంటాదో మాకు తెలిసింది ఎవరో దాచిపెట్టబట్టే.

ఐతన్నకు పేపరు డిగ్రీ ఏదీ లేదు. కోరింగ పిల్లా, నీకు మడ అడవి తెలుసు, డిగ్రీ కూడా ఉంది.

ఎగ్జిబిషన్ సెక్షన్ | 11 జూన్, రాత్రి 9:30

ఒక్క మాట కలుపుతాను. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్న అనుభవంతో చెబుతున్నా. మార్కులు అందరివీ ఒకేలా ఉంటాయి. తేడా చూపించేది, ఈ చేత్తో ఏం చేశారన్నది. ఈ పదమూడేళ్లలో నాకు గుర్తున్న అభ్యర్థి ఒక్క అమ్మాయే. తన కాలేజీ మ్యూజియం మొత్తాన్ని ఒక రిజిస్టర్‌లోకి ఎక్కించి, ఆ రిజిస్టర్ జిరాక్సు సంచిలో పెట్టుకుని వచ్చింది. బోర్డు చైర్మన్ దాన్ని పక్కకు పెట్టకుండా చివరి పేజీ దాకా తిప్పారు. మీ కాలేజీ గది ఉంది కదండీ. డీఎస్సీ చదువుకుంటూనే ఆదివారాలు అది చేయండి. అమ్మానాన్నలతో గొడవ ఉండదు.

కోరింగ పిల్ల | 22 జూన్, రాత్రి 10:10

ఇన్ని రోజులు రాయనందుకు మన్నించండి. మీ అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. వేమనపల్లి అన్నయ్య వాళ్ల నాన్నగారి సంగతి రెండుసార్లు చదవమంది. బీఈడీ ఎంట్రన్స్ రాస్తాను, దాంతోపాటే నెట్ కూడా. ఆర్నెల్ల మాట నాన్నను అడిగాను. ఏడాది చూస్తానన్నారు.

నిన్న ప్రిన్సిపల్ గారి అనుమతి తీసుకుని గది తెరిచాను. ఆదివారాలు పది నుంచి నాలుగు దాకా. మొత్తం 214 సీసాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పనిచేయడంలేదు, కిటికీలు రెండూ తీసి, గ్లౌజులు వేసుకునే ముట్టుకున్నాను. ఇరవై ఆరింటిలో ద్రవం సగానికి దిగిపోయింది, అవి ముందు చూడాలి.

మాస్టారూ, మీరు చెప్పినట్టే మడ్‌స్కిప్పర్ సీసాను వెనక్కి తిప్పి కిటికీకి పట్టుకున్నాను. చేప కడుపు వెనక, గాజుకు ఆనుకుని, చిటికెన వేలి గోరంత వెడల్పు కాగితం ఉంది. తలకిందులుగా ఉంది. సీసా నెమ్మదిగా వంచితే తిరిగింది. పెన్సిల్ రాత. పై వరస అర్థమైంది: 'కోరింగ, 11-1-63'. కింద వరసలో ఒక అంకె, పక్కన రెండు అక్షరాలు. 'బి.ఎస్.' లాగా ఉంది. 48 అనుకుంటా, 43 కూడా కావచ్చు. అది ఏం అంకె?

పాత సీసా | 22 జూన్, రాత్రి 10:25

అది రిజిస్టర్ నంబరమ్మా. పొడుగాటి లెడ్జర్ పుస్తకం, ఎర్ర కాలికో అట్ట ఉంటుంది. బీరువాల్లో వెతక్కు, అక్కడ పెట్టరు. స్టోర్ రూమ్‌లో పాత బ్రేకేజీ రిజిస్టర్లు, స్టాక్ పుస్తకాలు ఎక్కడుంటే అక్కడ చూడు. 43, 48 రెండు పద్దులూ చదువు, ఏది చేపో తెలుస్తుంది.

కోరింగ పిల్ల | 29 జూన్, సాయంత్రం 4:50

దొరికింది. అట్ట ఎర్రది కాదు, నీలం. మొదటి పేజీలు చెద తిన్నది, 31వ పద్దు నుంచి ఉన్నాయి.

48. మడ్‌స్కిప్పర్, ఒకటి. కోరింగ, మడ కాలువ గట్టు, ఆటు సమయం. పట్టినది: రెండో సంవత్సరం విద్యార్థిని బి.ఎస్., చేత్తో.